లేజర్‌కు పట్టిన అదురు

బాలామణికి అబద్ధాలంటే కోపం లేదు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున నష్టాల నిజానిజాలు తేల్చే పనిలో జుట్టు నెరిసిన మనిషి ఆమె. అబద్ధాలే ఇన్నేళ్ళూ ఆమెకు అన్నం పెట్టాయి. ఆమెకు ఒళ్ళు మండేది చేతగాని అబద్ధాలు విన్నప్పుడే. ఎదురుగా కూర్చున్న హమ్మాద్ పొద్దున్నుంచీ అవే చెబుతున్నాడు.

"గురువారం సాయంత్రం ల్యాబ్‌లోకి వెళ్ళావు. గంటకు పైగా ఉన్నావు. ఏం చేశావు?"

"ఏం చెయ్యలే మేడమ్."

"గంటసేపు ఏమీ చెయ్యకుండా ఎలా ఉన్నావు?"

"జర చూసుకుంట కూసున్న."

"దేన్ని?"

"లేజర్‌ని."

"పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు గంటసేపు లేజర్‌ని చూసి వచ్చావు. అది నచ్చిందని చెప్పిందా, మళ్ళీ కబురు చేస్తామందా?"

హమ్మాద్ తల వంచుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, గడ్డం నీటుగా కత్తిరించుకున్నాడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. హైదరాబాద్ మెహదీపట్నం నుంచి బ్లూకార్డ్ అనే ఉద్యోగ వీసా మీద జర్మనీకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. ఈ ఉద్యోగం పోతే బ్లూకార్డ్‌కు ఆధారం పోతుంది. పైగా పోలీసు కేసు పడితే ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. వచ్చే వారం హైదరాబాద్‌లో అతని భార్య మహ్నూర్‌కు వీసా టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉంది. ఇవన్నీ తెలిసి కూడా వాడు "ఏం చెయ్యలే" అంటూ కూర్చుంటే, బాలామణికి బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు ఎత్తి వాడి నెత్తిన పోయాలనిపించింది.

కేసు చూస్తే నాలుగు ముక్కల్లో చెప్పేంత చిన్నది. మాగ్డెబర్గ్‌లోని టాక్ట్‌లిష్ట్ అనే ఈ కంపెనీ మోడ్ లాక్డ్ లేజర్ ఒకటి తయారు చేసింది. బియ్యపు గింజంత సెమీకండక్టర్ చిప్. అందులోంచి వెలుగు ధారగా కాక చినుకులు చినుకులుగా వస్తుంది, సెకనుకు వెయ్యికోట్ల చినుకులు. చినుక్కీ చినుక్కీ మధ్య ఎడం చెదరకూడదు, దాని విలువంతా ఆ నిలకడలోనే ఉంది. కొలిచే యంత్రం తెర మీద గీత సన్నగా నిటారుగా నిలబడితే లేజర్ బాగున్నట్టు, గీత అడుగున లావెక్కితే అదురుతున్నట్టు. శుక్రవారం పొద్దున వచ్చి చూసేసరికి గీత లావెక్కి ఉంది. రేపు బ్రెమెన్ నుంచి విమాన పరికరాల కంపెనీ వాళ్ళు దీన్ని చూసి కొనడానికి వస్తున్నారు. ఎవరో కావాలని పాడుచేశారంటూ టాక్ట్‌లిష్ట్ ఇన్సూరెన్స్ అడిగింది. ఇన్సూరెన్స్ వాళ్ళు బాలామణిని పంపారు.

తలుపు కొట్టకుండానే, టాక్ట్‌లిష్ట్ పెట్టుబడిదారులు పిలిపించిన కన్సల్టెంట్ విశ్వనాథం లోపలికి వచ్చాడు. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు, మాట మాత్రం ఎప్పుడూ ముందు నడుస్తుంది.

"ఇంకా ప్రశ్నలేనాండీ బాలామణిగారూ? నాలుగింటికి పోలీసులు వస్తున్నారు. ఫిర్యాదు నేనే పంపించాను."

"నేను తేల్చకముందే పంపించారా?"

"తేలిపోయిందండి! గురువారం సాయంత్రం ఇతని కార్డుతో తప్ప ల్యాబ్ తలుపు తెరుచుకోలేదు. తెల్లారేసరికి లేజర్ చెడింది. ఏం చేశావంటే ఏం చెయ్యలేదంటాడు. పక్కన స్పిరిట్ సీసా మూత తీసి ఉంది. పైగా మ్యూనిక్‌లో ఇంకో కంపెనీకి అప్లై చేశాడు. ఇంకేం కావాలండీ?"

"ప్రొబేషన్‌లో ఉన్నవాడు ఇంకోచోట అప్లై చెయ్యకపోతేనే నేను అనుమానిస్తాను," అంది బాలామణి. "సరే, మీరెప్పుడొచ్చారు ఇక్కడికి?"

"శుక్రవారం మధ్యాహ్నమండి, పెట్టుబడిదారుల కబురు అందగానే. అంతకు ముందు ఈ బిల్డింగ్ ముఖం ఎటుంటుందో కూడా తెలీదు నాకు."

విశ్వనాథం బ్రెమెన్‌లో సొంతంగా టెక్నికల్ కన్సల్టెన్సీ నడుపుతాడు. కంపెనీలకు ఏది వినాలని ఉందో అది రిపోర్టుగా రాసి ఇవ్వడంలో అతనికి అతనే సాటి. రెండేళ్ళ కింద పాడర్‌బోర్న్‌లో ఒక సర్వర్ రూమ్ తగలబడితే, రాత్రిపూట తుడిచే ఆవిడ మీదకు నెట్టేశాడు. ఆ నేరం ఆవిడది కాదని తేల్చడానికి బాలామణికి ఆరు నెలలు పట్టింది. అప్పటినుంచి ఇతని గొంతు వినబడితే చాలు, ఆమెకు పన్ను నొప్పి మొదలవుతుంది.

"పదండి, ల్యాబ్ చూద్దాం," అంటూ లేచింది. "నువ్వూ రా నాయనా. నీ లేజర్‌ని మరోసారి చూద్దువుగాని."

ల్యాబ్‌కు ముందు చిన్న గది ఉంది. బూట్లతో లోపలికి పోకూడదు. రోజూ పనిచేసేవాళ్ళ చెప్పులు గోడవారన స్టాండ్‌లో ఉంటాయి. చూడటానికి వచ్చినవాళ్ళు నీలం ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి. స్టాండ్ పైన అరలో సెక్ట్ అనే నురగ వైన్ ఖాళీ సీసాలు నాలుగైదు దుమ్ముకొట్టుకుని నిలబడి ఉన్నాయి. ఇక్కడి ల్యాబ్‌ల అలవాటు అది. ఏదైనా రికార్డు కొట్టినరోజు సెక్ట్ తెరిచి తాగుతారు, సీసా మీద మార్కర్‌తో సాధించిన అంకె, తేదీ, పేర్లు రాసి దాచుకుంటారు.

బాలామణి తొడుగు లాగితే చిరిగింది. ఇంకోటి తీస్తే అదీ చిరిగింది. జర్మనీలో అడుగడుగునా ఒక రూలు ఉంటుంది, ఆ రూలుకు పనికొచ్చే వస్తువు మాత్రం ఉండదు అని తిట్టుకుంటూ మూడోది పట్టుకుంది. ఈలోగా విశ్వనాథం బల్ల మీద కూర్చుని బూట్లు విప్పాడు, ఫోన్‌లో ఏదో చూసుకుంటూనే అడుగు అరలోని గోధుమరంగు చెప్పులు కాళ్ళతో లాక్కుని తొడుక్కున్నాడు. అతను విప్పిన ఎడమ బూటు మడమ బయటివైపు బాగా అరిగి, ఒక పక్కకు ఒరిగి పడి ఉంది.

"రండి, టైమ్ అవుతోంది," అన్నాడు అతను.

"మీకేం, చెప్పులు దొరికాయి," అంది బాలామణి మూడో తొడుగు ఎక్కించుకుంటూ.

లోపల పెద్ద స్టీలు బల్ల, దాని మీద పరికరాలు. నడుమ అరచేతి పొడవున్న నల్లటి పెట్టె, అదే లేజర్. దాంట్లోంచి పసుపురంగు తీగ ఒకటి బయటికొచ్చి, ఇత్తడి మరలాంటి జాయింట్‌లో ఇంకో తీగతో కలిసి, కొలిచే యంత్రానికి పోతోంది. తీగలంటే కరెంటు తీగలు కావు, వెలుగును మోసే సన్నటి గాజు పోగులు. తెర మీద గీత అడుగున బాగా లావుగా ఉంది.

బాలామణి చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ తిరిగింది. ఒక పరికరం ముందు ఆగింది, కళ్ళజోడు సర్దుకుంది. దాని కుడి మూల మీద చిన్న ఎర్రటి చుక్క. పక్క పరికరం మీదా ఉంది. పవర్ సప్లై మీద కూడా.

"ఇవేంటి?"

"ఇన్‌స్పెక్షన్ గుర్తులండి," అన్నాడు విశ్వనాథం తడుముకోకుండా. "సేఫ్టీ చెక్ అయిన ప్రతిదానికీ మార్కర్‌తో పెడతారు."

బాలామణి ఒక చుక్కను వేలితో తాకింది. వేలు ఎర్రబడింది. చుక్క కింద పలచగా పసుపు పూత కనిపించింది.

"పసుపు రాసి దాని మీద కుంకుమ పెట్టే సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఈ దేశంలో ఉన్నాడా? ఉంటే చెప్పండి, మా ఇంటి వాషింగ్ మెషిన్ కూడా చూపిస్తాను."

విశ్వనాథం మొహం చిట్లించుకున్నాడు. "చూశానండి, శుక్రవారమే చూశాను. పిల్లలెవరో దసరాకు ఆయుధ పూజ చేసుకుని ఉంటారు. దానికీ దీనికీ ఏం సంబంధం? జర్మన్ల ముందు మన పరువు మనమే తీసుకోవడం దేనికని ఊరుకున్నాను."

"పరువు కాపాడటం కోసం వాణ్ణి పోలీసులకు అప్పజెబుతున్నారన్నమాట. బాగుంది."

ఆమె లేజర్ పెట్టె ముందు వంగింది. దాని మీద బొట్టు లేదు. శుభ్రంగా తుడిచి ఉంది. కానీ ఇత్తడి జాయింట్ మరల సందుల్లో సన్నని ఎర్రటి గీత మిగిలిపోయింది. బాలామణి నిటారుగా నిలబడి హమ్మాద్ వైపు తిరిగింది.

"అన్నిటి మీదా బొట్టు ఉంది. దీని మీద ఒక్కదాని మీదే లేదు. తుడిచింది నువ్వేగా?"

హమ్మాద్ మెడ దగ్గర గుండీ సర్దుకున్నాడు.

"పెట్టింది ఎవరు?"

దానికీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలోనైనా వాడికి కాస్త నేర్పు ఉందని బాలామణి ఒప్పుకోవాల్సి వచ్చింది. కానీ ఈ ల్యాబ్‌లో తెలుగువాళ్ళు ఇద్దరే ఉంటే, పెట్టిందెవరో కనుక్కోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

రెండో మనిషి అనన్య. వరంగల్ అమ్మాయి, ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ అక్టోబర్ నుంచి ఈ ల్యాబ్‌లో వెర్క్‌స్టూడెంట్‌గా, అంటే చదువుకుంటూనే పార్ట్‌టైమ్‌గా, పని చేస్తోంది. పిలిపించేసరికి భుజానికి సంచితో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"భరిణె ఎక్కడమ్మా?" అంది బాలామణి.

"ఏ భరిణె ఆంటీ?"

"నువ్వు కూడానా! పొద్దున్నుంచీ వీడి అబద్ధాలు విన్నాను. ఇంకో చేతగానిది వినే ఓపిక నాకు లేదు. కుంకుమ భరిణె."

అనన్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంచి జిప్పు తీసి, చిన్న వెండి భరిణె తీసి బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు పెట్టావు?"

"దసరా దినం, ఆంటీ. నేను చేరినకాడినుంచి లేజర్ సక్కగ పన్జెయ్యకపోయేది. సెట్టింగులు ఎంత తిప్పినా గీత లావుగనే ఉంటుండె. మా హెడ్ కెర్‌స్టిన్ మేడమ్ రోజూ కోపానికొచ్చేది. అందుకే అన్నిటికీ బొట్టు పెట్టి దండం పెట్టుకున్న."

"లేజర్‌కు ఎక్కడ పెట్టావు?"

"గా జాయింట్ మీద. అప్పుడు కేబుల్ విప్పి ఉండె. బొట్టు పెట్టి, గదే చేత్తోని కేబుల్ బిగించిన."

"బిగించాక?"

అనన్య గొంతు తగ్గింది. "గీత సన్నగయింది, ఆంటీ. అప్పటిదాక ఎవరితోని కానిది నిమిషంల అయింది. అమ్మవారి దయే అనుకున్న. మొన్న హమ్మాద్ భాయ్ తుడిచిండు, మల్ల చెడింది. ఏమని చెప్పాలె ఎవరికైనా? ల్యాబ్‌లకు పౌడర్ తెస్తే కాంట్రాక్ట్ రద్దని బోర్డు మీదనే రాసి ఉంది."

బాలామణి హమ్మాద్ వైపు తిరిగింది. "ఇప్పుడైనా నోరు తెరువు. కాళ్ళు పట్టుకోమంటావా?"

"అయ్యో, గట్లనకుండి ఆంటీ." మేడమ్ పోయి ఆంటీ వచ్చింది. "బ్రెమెనోళ్ళు వస్తున్నరని లేజర్ బంద్ చేసి, అన్ని జాయింట్లు విప్పి స్పిరిట్‌తోని తుడిచిన. గిదొక్కదాన్ల ఎర్రగ రేణువులు కనబడ్డయి. బొట్టని సమజైంది, తుడిచి బిగించిన. తెల్లారి చాలు చేస్తే లేజర్ చెడింది. తుడిస్తే ఎందుకు చెడుతదో నాకు సమజ్ కాలే. చిప్పే పోయిందనుకున్న."

"మరి ఏం చెయ్యలేదని ఎందుకన్నావు?"

"ఏం తుడిచినవని అడుగుతరు గదా. చెప్తే ఈ పిల్ల నౌకరీ పోతది. ఇంకోటి," అంటూ అనన్య వైపు చూశాడు. "నేను చెప్తే ఏమంటరు ఆంటీ? సాయబు పోయి హిందూ పిల్ల పెట్టిన బొట్టు తుడిచిండంటరు. లేజర్ మాట ఎవరూ అడగరు, గా మాటే పట్టుకుంటరు. మా వాట్సాప్ గ్రూపులల్ల, వాళ్ళ గ్రూపులల్ల అదే తిరుగుతది. నౌకరీ పోయినా పాయె అనుకున్న, గా లొల్లి మాత్రం వద్దనుకున్న."

"మీ మంచితనం తగలెయ్య!" అంది బాలామణి. నిజంగానే అరిచింది. "నువ్వు దాని ఉద్యోగం కోసం నోరు మూసుకున్నావు. అది నిన్ను పోలీసులు పట్టుకుపోతున్నా దేవుడి మీద భారం వేసి నోరు మూసుకుంది. మధ్యలో నేను ప్లాస్టిక్ సంచులు కాళ్ళకు కట్టుకుని తిరుగుతున్నాను!"

అరిచినందుకు ఆమెకు వెంటనే బాధ కలిగింది. ఆ పిల్లవాడు చెప్పింది అబద్ధం కాదు, తను ఇన్నేళ్ళలో అలాంటి లొల్లులు చాలా చూసింది. కానీ బాధపడుతూ కూర్చోవడానికి టైమ్ లేదు. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది.

ఆ అరుపుకు ల్యాబ్ హెడ్ కెర్‌స్టిన్ లోజె పక్క గదిలోంచి పరుగున వచ్చింది. పొడుగ్గా, ఎముకలు తేలిన మనిషి. ఏం జరుగుతోందని జర్మన్‌లో అడిగింది.

"ఒక పరీక్ష చేస్తాం, ఐదు నిమిషాలు," అని బాలామణి అదే భాషలో చెప్పి, హమ్మాద్ వైపు తిరిగి తెలుగులో అంది. "నాకు ఫిజిక్స్ రాదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పు. ఆ రెండు గాజు పోగుల మధ్య ఒక రేణువు పడితే ఏమవుతుంది?"

"చివరలు రెండూ అతుక్కొని ఉండాలె. నడుమ రేణువు పడితే సందు వస్తది. సందు వస్తే గాజు చివర అద్దంలెక్క పన్జేస్తది. జరంత వెలుగు ఎనక్కి లేజర్‌లకు పోతది."

"పోతే మంచిదా, చెడ్డదా?"

"చెడ్డదే, ఆంటీ. ఎనక్కొచ్చిన వెలుగు లేజర్‌ని ఆగం చేస్తది. గందుకే అంత సాఫ్ చేస్తం." అలా అంటూనే అతను ఆగిపోయాడు. కళ్ళు తెర మీద గీత మీద పడ్డాయి, అక్కణ్ణుంచి జాయింట్ మీదికి, అక్కణ్ణుంచి నల్లపెట్టె మీదికి వెళ్ళాయి. "కానీ దూరం సరిగ్గ కుదిరితే... పోయిన చినుకు తిరిగొచ్చే టైముకు లోపల కొత్త చినుకు పుడుతుంటే... రెండూ కలుస్తయి. తాళం తప్పేటోని పక్కన ఇంకొకడు సప్పట్లు కొట్టినట్లు. అప్పుడు అదురు తగ్గుతది. యా అల్లా!"

"రేణువు అక్కర్లేదుగా? సందు చాలుగా?"

హమ్మాద్ బల్ల మీదికి వంగి, ఇత్తడి మరను రెండు వేళ్ళతో అర చుట్టు వదులు చేశాడు. తెర మీద గీత ఒకసారి వణికింది. ఇంకాస్త తిప్పాడు. అడుగున ఉన్న లావు కరిగిపోయి, గీత సన్నగా, నిటారుగా లేచి నిలబడింది. బిగించాడు, మళ్ళీ లావెక్కింది. వదులు చేశాడు, సన్నబడింది.

అనన్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కెర్‌స్టిన్ కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది. బాలామణి ఆవిడకు జర్మన్‌లో మూడు ముక్కల్లో చెప్పింది. చిప్ చెడలేదు, ఎవరూ పాడుచెయ్యలేదు, ఇన్నాళ్ళూ లేజర్ నిలకడగా ఉన్నది జాయింట్‌లో పడ్డ మురికి వల్ల, ఆ మురికిని ఈ అబ్బాయి శుభ్రం చేశాడు. కుంకుమ ఊసు ఎత్తలేదు, మురికి అని ఊరుకుంది.

"అంటే విధ్వంసం లేదు," అంది కెర్‌స్టిన్ మెల్లగా.

"లేదు. ఇన్సూరెన్స్ డబ్బులూ లేవు."

"కానీ అబద్ధం చెప్పాడు కదండీ!" విశ్వనాథం గొంతు హెచ్చింది. "విచారణలో అబద్ధం చెప్పినవాణ్ణి వదిలేస్తామా?"

బాలామణికి అతని మాట వినబడలేదు. ఆమె చెవిలో అనన్య అన్న మాట తిరుగుతోంది. చేరినప్పటినుంచీ గీత లావుగానే ఉంది, ఎంత తిప్పినా. దసరాకు బాగుపడింది. అంటే కుంకుమ పడకముందు ఈ లేజర్ నిలకడగా ఉండే వీల్లేదు.

"కెర్‌స్టిన్, మీరు ఈ ల్యాబ్‌కు ఎప్పుడొచ్చారు?"

"అక్టోబర్ మొదట్లో. పాత హెడ్ మానేస్తే నన్ను తీసుకున్నారు. పాత టీమ్‌లో ఎవరూ మిగల్లేదు."

"మీరు వచ్చాక దసరా... అంటే అక్టోబర్ ఆఖరుదాకా లేజర్ ఒక్కసారైనా నిలకడగా ఉందా?"

"లేదు. మేమే ఏదో పాడుచేశామనుకున్నాం. ఎందుకంటే సెప్టెంబర్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ అంకె చూసే బ్రెమెన్ వాళ్ళు ఆర్డర్ ఇస్తామన్నారు."

"పనిచేసిందని మీకెలా తెలుసు?"

"రికార్డు ఉంది కదా. సీసా కూడా ఉంది," అంటూ కెర్‌స్టిన్ ముందు గది వైపు చూపించింది.

బాలామణి చరచర నడిచింది, ప్లాస్టిక్ తొడుగు ఒకటి మళ్ళీ చిరిగి కాలి వెంట ఈడ్చుకుంటూ వచ్చింది. మిగతా అందరూ వెనకాలే వచ్చారు. అరలో కొనాకు ఉన్న సీసా మీద నల్ల మార్కర్‌తో అంకె, కింద సెప్టెంబర్ పన్నెండు అని తేదీ, దాని కింద పేర్లు. సీసా నిండా దుమ్ము, రాతల మీద కూడా. ఆఖరి పేరు చుట్టూ మాత్రం బొటనవేలి వెడల్పున దుమ్ము తుడిచి ఉంది. ఆ పేరు కొత్తగా, నల్లగా మెరుస్తోంది.

"హమ్మాద్," అని చదివింది బాలామణి.

"చూశారా!" విశ్వనాథం అందుకున్నాడు. ఆలోచించుకోవడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు. జర్మన్‌లోకి మారాడు, కెర్‌స్టిన్‌కు అర్థం కావాలని. "విధ్వంసం కాకపోతే ఇంకా పెద్ద నేరం. లేజర్‌కు ఎన్నడూ లేని నిలకడ ఉందని సెప్టెంబర్‌లో దొంగ కొలతలు పుట్టించిన టీమ్‌లో ఇతనూ ఉన్నాడు. పోలీసులకు ఇదే చెబుతాను."

హమ్మాద్ సీసా వైపు చూస్తూ ఉండిపోయాడు. కోపం కంటే ముందు అతని మొహంలో అవమానం కనిపించింది.

"సెప్టెంబర్ పన్నెండుకు నేను మెహదీపట్నంల ఉన్న, ఆంటీ. టికెట్ కూడా కొనలే," అన్నాడు. "అది పక్కకు పెట్టుండ్రి. నేను శరాబు సీసా చేత్తోని ముట్ట. వీళ్ళ పార్టీలల్ల ఆపిల్ జ్యూస్ పట్టుకొని మూలకు నిలబడ్త, ఈమెను అడుగుండ్రి. గా సీసా మీద నా పేరు నేనెట్ల రాస్త? ఇది మా అబ్బా చూస్తే ఏమనుకుంటడు?"

"నువ్వు రాయలేదులే," అంది బాలామణి. ఆమె గొంతులో చిరాకు పోయింది, దాని చోట పచ్చి కోపం వచ్చింది. "సాయబుల ఇళ్ళల్లో ఏది ముట్టుకుంటారో ఏది ముట్టుకోరో కూడా తెలియని తొందరలో ఎవడో రాశాడు. శుక్రవారం లేజర్ చెడిందని తెలిశాక, సెప్టెంబర్ సంగతి బయటపడుతుందని వణికినవాడు."

ఆమె వంగి బల్ల కింద పడి ఉన్న ఎడమ బూటు చేతికి తీసుకుంది. దాని మడమ బయటివైపు అరిగి ఉంది. తర్వాత విశ్వనాథం కాళ్ళ వైపు చూసింది.

"అనన్యా, ఆయన కాళ్ళకున్న చెప్పులు ఎవరివమ్మా?"

"తెల్వదు ఆంటీ. నేను చేరినప్పటికే అడుగు అరల ఉన్నయి. పాత టీమోళ్ళవి ఎవరివో అనుకొని పారెయ్యలే."

"ఎడమ చెప్పు ఒకసారి విప్పండి విశ్వనాథంగారూ."

"ఏంటండీ ఈ పిచ్చి! స్టాండ్‌లో ఖాళీగా ఉంటే వేసుకున్నాను."

"చూడకుండా వేసుకున్నారు. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ఎత్తకుండానే మీ కాలికి మీ చెప్పు దొరికింది. ఈ బూటు మడమ ఎలా అరిగిందో ఆ చెప్పు మడమ అలాగే అరిగి ఉంది, ఇక్కణ్ణుంచే కనబడుతోంది. నాలుగు రోజుల్లో చెప్పు అలా అరగదు. ఈ బిల్డింగ్ ముఖం ఎటుంటుందో తెలీదన్నారు. ఈ ల్యాబ్‌లో ఎన్ని నెలలు నడిచారు మీరు? ఆ సెప్టెంబర్ అంకె పుట్టించింది మీరేనా?"

విశ్వనాథం తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అతనికి మాట దొరక్కపోవడం బాలామణి చూడటం అదే మొదటిసారి. కెర్‌స్టిన్‌కు తెలుగు రాదు. కానీ బూటు, చెప్పు, అతని మొహం మార్చి మార్చి చూసింది, చూసి రెండడుగులు వెనక్కి వేసి, అతన్ని మళ్ళీ లోపలికి పోనివ్వనన్నట్టు ల్యాబ్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

కింద గుమ్మం దగ్గర బెల్ మోగింది. నాలుగైంది.

విశ్వనాథం తల ఎత్తాడు. మొహంలో రంగు తిరిగి వచ్చింది.

"పోలీసులను పిలిచింది నేనండి," అన్నాడు నింపాదిగా. "ఫిర్యాదులో ఉన్న పేరు ఇతనిది. సీసా మీద ఉన్నదీ ఇతని పేరే. మీ దగ్గరున్నది ఒక పాత చెప్పు. వాళ్ళు ముందు ఎవరి మాట వింటారో చూద్దాం. ఆ బూటు ఇలా ఇవ్వండి, కిందికి వెళ్ళాలి."

హమ్మాద్ బాలామణి వైపు చూశాడు. బెల్ మళ్ళీ మోగింది. ఆమె సీసాను మెడ దగ్గర కర్చీఫ్‌తో పట్టుకుని అరలోంచి దించి చంకలో పెట్టుకుంది. బూటు మాత్రం వదల్లేదు.

"చెప్పులతోనే రండి," అంది. "వాటిని కూడా వాళ్ళు చూడాలి."